ఊడ్చిన చోటే ఊడ్చే ఆవిడ

నవంబరు 4, మంగళవారం

చేరాను. గెస్ట్‌హౌస్ రూములో రెండు మంచాలు. సింగిల్ రూములు లేవన్నాడు మేనేజరు. రేటు ఒకటేలెండి అని ఓదార్చాడు కూడా. రెండో మంచం మీద బ్యాగు, గొడుగు, శాలువా అన్నీ పరిచాను. అది ఖాళీగా కనిపిస్తే నాకు బాగుండదు.

కిటికీలోంచి గుడి కనిపిస్తోంది. గుట్ట మీద బోర్లించిన గిన్నెలా స్తూపం, దాని పక్కన పసుపు గోడల ఆశ్రమం. అక్క ఆ గోడల వెనక ఉంది. పదకొండేళ్ళుగా ఉంది.

అమ్మ పోయి నాలుగు నెలలైంది. అక్కకి కబురు పంపాను, జవాబు లేదు. మళ్ళీ పంపాను, అదీ అంతే. ఇక లాభం లేదని షాపుకి తాళం వేసి వచ్చేశాను. నాకు అక్క ఉన్నట్టా, లేనట్టా? ఉంటే నాతో ఇంటికి వస్తుందా? ఈ రెండూ తేల్చుకుని గానీ కదలను. ఇంట్లో అక్క కోసం పెద్దగది ఊడ్చి, దుప్పటి మార్చి మరీ వచ్చాను.

నవంబరు 5, బుధవారం

ఆఫీసాయన మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు, ఆ తర్వాత కుదరదన్నాడు. ఆశ్రమంలో మౌనవారం నడుస్తోందట. వచ్చే మంగళవారం సాయంత్రం దాకా లోపలివాళ్ళు నోరు విప్పరట. బుధవారం పొద్దున మీటింగ్ రూములో కలవొచ్చట. ఇంకోమాట కూడా చెప్పాడు. ఇక్కడ అక్కా, చెల్లీ అనే పిలుపులు ఉండవు, అందరినీ అమ్మా అనాలి అని. అమ్మ పోయిన సంగతి మాట్లాడడానికి వచ్చి అక్కని అమ్మా అని పిలవాలన్నమాట. తల ఊపాను. ఊపక ఏం చేస్తాను.

మధ్యలో వారం రోజులు. టికెట్ కొనుక్కుని టూరిస్టులాగా గుడి చూశాను.

గేటు దగ్గర ఒకామె చెప్పులకి టోకెన్లు ఇస్తుంది. నాకంటే చిన్నది, గలగలా మాట్లాడుతుంది. నన్ను చూడగానే అక్కా అంది. దారిన పోయేవాళ్ళందరికీ నేను అక్కనే. నాకు మాత్రం అలా పిలుచుకోవడానికి మనిషి లేదు. రూల్స్ అన్నీ ఆమే చెప్పింది. చెప్పులు, టోపీ తీసెయ్యాలి. మోకాళ్ళు కనపడకూడదు. గడప తొక్కకుండా దాటాలి. స్తూపం ఎప్పుడూ కుడిచేతి వైపు ఉండేలా చుట్టూ తిరగాలి. కూర్చుంటే పాదాలు విగ్రహం వైపు చాపకూడదు. విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకుంటే మాత్రం తను ఊరుకోనంది. నాకు సెల్ఫీ తీసుకోవడం రాదన్నాను. అయితే మీరు చాలా మంచివాళ్ళక్కా అంది.

నిక్కర్లతో వచ్చినవాళ్ళకి చుట్టుకోమని గుడివాళ్ళు బట్టలిస్తారు. ఆ బట్టల అంచులు చూశాను. అన్నీ పోగులు లేచి వేలాడుతున్నాయి. ప్రాణం ఉసూరుమంది. ఇరవై ఏళ్ళుగా ఆల్టరేషన్ షాపు నడుపుతున్నాను, ఊడిన అంచు చూస్తే చెయ్యి ఊరుకోదు. రేపు సూదీ దారం తెస్తానని గేటమ్మకి చెప్పాను.

నవంబరు 6, గురువారం, పొద్దున 8

చూశాను!

పొద్దున్నే బయటి ఆవరణ ఊడుస్తారని, టూరిస్టులు కూడా కావాలంటే చీపురు పట్టొచ్చని గేటమ్మ చెప్పింది. వెళ్ళాను. మంచు ఇంకా విడలేదు. లోపలి గేటు తెరిచి సన్యాసినులు వరసగా వచ్చారు. అందరిదీ ఒకటే రంగు, ఒకటే నడక. దుమ్ము పడకుండా ముక్కు మీదికి గుడ్డ కట్టుకున్నారు. చలికి ఉన్ని టోపీలు, శాలువాలు. కళ్ళు నేల మీదే. ఇందులో మా అక్కని ఎలా పట్టుకోను అనుకున్నాను.

ఒకామెకి మాత్రం టోపీ లేదు. వంగి ఊడుస్తుంటే గుండు వెనకభాగం కనిపించింది. రెండు సుడులు! మా అక్కకి రెండు సుడులు. చిన్నప్పుడు జడ వేస్తూ అమ్మ నవ్వేది, నీకు రెండు పెళ్ళిళ్ళే అని. పిన్నులూ అత్తలూ ఆ ఇద్దరు మొగుళ్ళనీ ఎక్కణ్ణుంచి తేవాలో చర్చలు పెట్టేవాళ్ళు. చివరికి అది ఒక్కణ్ణి కూడా చేసుకోకుండా గుండు చేయించుకుంది. ఆ సుడులు ఇప్పుడు ఊరందరికీ కనిపిస్తున్నాయి.

భుజాలు కూడా చూశాను. కుడిది కాస్త దిగి ఉంది. అక్క జాకెట్లకి కుడివైపు సర్ది కుట్టింది నేనే కదా. సన్నగా పుల్లలా అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. మొహం మరిచిపోతానేమో గానీ భుజం మరిచిపోను.

నా పక్కనుంచే వెళ్ళింది. తలెత్తలేదు.

సాయంత్రం

అన్నం సయించలేదు. సంతోషానికి.

నవంబరు 7, శుక్రవారం

వాళ్ళు మాట్లాడకూడదు. మనం మాట్లాడకూడదని ఎవరూ అనలేదు. ఇది లాయరు తెలివి అని నాకూ తెలుసు.

ఆమె పక్కనే చీపురు పట్టుకుని, పెదాలు కదిలీ కదలకుండా, అక్కా నేనే అన్నాను. చీపురు ఆగలేదు. మౌనం మౌనమే కదా, సరే అనుకున్నాను. షాపు గురించి చెప్పాను. మా పక్కన తాళంచెవులు చేసే ముసలాయన ఇంకా రేడియోతో పోట్లాడుతున్నాడని చెప్పాను. పెద్దగదికి సున్నం కొట్టించానని చెప్పాను. ఇదంతా చెబుతుంటే వింటున్న మనిషి పక్కనే ఉందన్న ధైర్యానికి గొంతు పెరిగిపోయింది. తగ్గించుకున్నాను.

మా వెనక ఇంకొకావిడ ఊడుస్తుంటుంది. లావుపాటి మనిషి, కళ్ళజోడు, చెవుల దాకా టోపీ, ఒళ్ళంతా శాలువా. పాపం, పని చేతకాదనుకుంటాను. ఊడ్చిన చోటే ఊడుస్తుంది. ఆకులన్నీ పోయి, దుమ్మంతా పోయి, మట్టి లేస్తున్నా అక్కడే. ఇంకో నాలుగు రోజులైతే నీళ్ళు పడతాయి.

మధ్యాహ్నం గేటమ్మ పక్కన కూర్చుని పది బట్టలకి అంచులు మడిచి కుట్టాను. ఆమె నా కుట్టు చూసి, ఇది మెషిన్ కుట్టు కాదంటే ఎవరూ నమ్మరంది. ఆ మాట ఇంట్లో ఎవరికైనా చెప్పుకుంటే బాగుండేది.

నవంబరు 8, శనివారం

వర్షం. ఊడవడం లేదు. అక్క కనపడలేదు. రోజు గడవలేదు.

మ్యూజియం హాల్లో పాత రాతిపలకలు చూశాను. తాడు కట్టారు, దగ్గరికి పోకూడదు. ఒక టూరు వాళ్ళకి గైడు చెబుతుంటే వెనక నిలబడి విన్నాను. తొలిరోజుల్లో బుద్ధుడి రూపం చెక్కేవాళ్ళు కాదట. ఖాళీ ఆసనం చెక్కేవాళ్ళట. చుట్టూ జనం దణ్ణం పెడుతుంటారు, మధ్యలో ఆసనం, దాని మీద దిండు. మనిషి మాత్రం ఉండడు. అక్కడ ఆయన ఉన్నాడనే అర్థమట. టూరు వాళ్ళు ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయారు.

నేను ఆ దిండు చూస్తూ ఉండిపోయాను. కుట్టు వరస కూడా చెక్కాడు మహానుభావుడు. కొనల దగ్గర మడత ఎలా వస్తుందో అలాగే.

మా ఇంట్లోనూ ఉంది ఒక ఖాళీ కుర్చీ. అందులో అమ్మ ఉందని నేను ఎంత అనుకున్నా కుదరడం లేదు. కుర్చీయే కనిపిస్తోంది.

నవంబరు 9, ఆదివారం

ఇది రాసేస్తే గానీ పడుకోలేను.

ఈరోజు చెప్పాల్సింది చెప్పేశాను. అమ్మ ఎలా పోయిందో చెప్పాను. చివరి నెలల్లో మంచం మీదే అన్నీ అయిన సంగతి, ఆమెని ఎత్తి కూర్చోబెట్టీ కూర్చోబెట్టీ నా నడుము పోయిన సంగతి. నీళ్ళు పోస్తూ నిన్నే తిట్టుకునేదాన్ని అక్కా అన్నాను. నువ్వు శాంతి వెతుక్కుంటూ పోయావు, నాకు మంచం వదిలేశావు అన్నాను. ఇంత మాట అంటాననుకోలేదు. వచ్చేసింది.

ఆ తర్వాత అసలు సంగతి చెప్పాను. పోయిన నెల జ్వరం వచ్చి మూడు రోజులు లేవలేదు. షట్టరు తెరవలేదేమిటని తాళాల ముసలాయన వచ్చి తలుపు కొడితే గానీ ఎవరికీ తెలియలేదు. నేను పోయినా అలాగే తెలుస్తుంది అక్కా, షట్టరు చూసి తెలుస్తుంది అన్నాను. నాకు భయంగా ఉంది, ఇంటికి వచ్చెయ్ అన్నాను. ఏడుపొచ్చేసింది. చీపురు పట్టుకుని అలాగే మెట్టు మీద కూలబడ్డాను.

ఆమె చీపురు కింద పెట్టింది. వచ్చి నా పక్కన కూర్చుంది. మాట లేదు, తల తిప్పి చూసిందీ లేదు. నా వీపు మీద చెయ్యి వేసి, గంట మోగేదాకా అలా ఉంచింది. ఎవరైనా నా ఒంటి మీద చెయ్యి వేసి ఎన్నాళ్ళయిందో.

వెనక ఆ లావుపాటి ఆవిడ మాత్రం ఊడుస్తూనే ఉంది. గరగర, గరగర. మనిషి ఏడుస్తుంటే కాసేపు ఆపితే ఏం పోయింది? కొందరి మనసులు ఎలా తయారవుతాయో.

పోనీ. నాకు అక్క ఉంది. ఒక ప్రశ్న తేలిపోయింది.

నవంబరు 10, సోమవారం

గెస్ట్‌హౌస్ మేనేజర్ని అడిగి తిరుగు బస్సుకి రెండు సీట్లు రిజర్వు చేయించాను. తొందరపాటే. అయినా చేయించాను.

నవంబరు 11, మంగళవారం

పొద్దున ఊడవడానికి వెళ్ళాను, ఏమీ మాట్లాడలేదు. చెప్పాల్సింది అయిపోయింది కదా. ఇద్దరం పక్కపక్కన ఊడ్చాం, హాయిగా. వెనకావిడ గుంట పెద్దదైంది.

సాయంత్రం గంటలు మోగాయి. మౌనం అయిపోయినట్టు.

నవంబరు 12, బుధవారం

ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను.

మీటింగ్ రూములో నాలుగు కుర్చీలు, ఒక గడియారం. కూర్చున్నాను. తలుపు తీసుకుని లావుపాటి ఆవిడ వచ్చింది. ఆ గుంట ఆవిడే. అక్క వస్తోందని చెప్పడానికి వచ్చిందేమో అనుకుని లేచి దణ్ణం పెట్టాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఏమే పొట్టీ అంది.

నన్ను పొట్టీ అని పిలిచే మనుషులు ప్రపంచంలో ఇద్దరే. ఒకరు పోయారు.

నా బుర్ర తిరిగిపోయింది. టోపీ తీసింది, రెండు సుడులు. కుడి భుజం దిగే ఉంది. ఒళ్ళు పెరిగితే భుజం ఎక్కడికి పోతుంది, శాలువా కింద నేను చూస్తేగా. పుల్లలాంటి అక్క కోసం వెతికాను గానీ, పదకొండేళ్ళలో మనిషి మారుతుందన్న ఇంగితం లేకపోయింది. కొలతలు తీసేదాన్ని, నాకు తెలియాలి.

ఏమీ తోచక, బాగున్నావా అన్నాను. అమ్మా అనమన్నారు, నోరు రాలేదు. నేను బాగున్నాను, షాపు బ్రహ్మాండంగా నడుస్తోంది, ఏ ఇబ్బందీ లేదు అని గడగడా అప్పజెప్పాను. అమ్మ ఎదురుగా, అక్క ఎదురుగా ఎప్పుడూ ఇలాగే చెబుతాను కదా.

అక్క అంతా విని, అదేం అక్కర్లేదు, నువ్వు చెప్పాల్సిందంతా చెప్పేశావు, నేను నీ వెనకే ఉన్నానంది.

అప్పుడు అర్థమైంది. అంతా వింది. అమ్మ మంచం సంగతి, జ్వరం సంగతి, దాన్ని తిట్టిన తిట్లు, అన్నీ. వింటూ ఊడ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరో పరాయి మనిషి చీపురు పక్కన పెట్టింది, నువ్వు పెట్టలేదు అన్నాను. మౌనం అంది. మౌనం నోటికి గానీ మెడకి కాదుగా, తలెత్తి చూస్తే ఏం పోయేది అన్నాను. ఆఫీసాయన తలుపులోంచి తొంగి చూశాడు. చూడనీ అనుకున్నాను.

అక్క మెల్లగా చెప్పింది. నన్ను చూసి ఉంటే నువ్వు ఆ మాటలు చెప్పేదానివా? ఇప్పుడు చూడు, మొహం కనపడగానే అంతా బ్రహ్మాండంగా ఉందన్నావు. రెండో రోజే తలెత్తుదామనుకున్నాను, అంతలో నువ్వు అమ్మ గురించి మొదలుపెట్టావు. ఎత్తితే ఆగిపోతావని ఎత్తలేదు. నాకు దక్కేది అదొక్కటే, అదైనా పూర్తిగా విందామనుకున్నాను. ఇదీ అక్క చెప్పింది.

చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అరచేతుల్లో బొబ్బలు. కొన్ని చితికి ఉన్నాయి. ఆ గుంట దగ్గర ఏం జరుగుతోందో నాకు అప్పుడు తెలిసింది. నేను రెండు రోజులు దాని మీద జోకులు వేసుకున్నాను.

మరి ఆవిడెవరు అని అడిగాను, ఆ సన్నటావిడ. ఆవిడకి పుట్టుకతోనే చెవుడట. ఏడాది పొడుగునా ఆవిడకి మౌనవారమే అంది అక్క. ఒక్క క్షణం ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అంతే, నవ్వొచ్చింది. వారమంతా నా కష్టాలన్నీ చెవుడు మనిషికి వెళ్ళబోసుకున్నాను. అదీ గుసగుసగా, ఎవరూ వినకూడదని. కడుపు పట్టుకుని నవ్వాం. అక్క నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. అమ్మ కోసం మేమిద్దరం కలిసి ఏడ్చింది ఆ కాసేపే.

నా కబుర్లకి జవాబు ఎందుకివ్వలేదని అడిగాను. రాసి చించేశానంది. ఏం రాసినా నీతులు చెప్పినట్టు కనిపించిందట.

ఇక అడగకుండా ఉండలేకపోయాను. ఇంటికి వస్తావా అన్నాను.

రాను అంది.

చూద్దాం అనలేదు, ఆలోచిస్తాననలేదు. వస్తే నీకోసం వచ్చి ఉంటాను, ఇక్కడి కోసం కుములుతూ ఉంటాను, నీ కళ్ళు అది వారంలో పట్టేస్తాయి, ఆ తర్వాత మనిద్దరికీ ఏమీ మిగలదు అంది. అప్పుడు నిన్ను అడక్కుండా వచ్చేశాను, అది నీకు అన్యాయమే, కానీ ఇప్పుడు తిరిగొచ్చి దాన్ని సరిచెయ్యలేను అంది. తప్పు కుట్టు అయితే విప్పి మళ్ళీ కుట్టొచ్చు. ఇది అలాంటిది కాదని నాకూ తెలుస్తోంది. తెలిసినంత మాత్రాన కోపం పోలేదు.

పెద్దగదికి సున్నం కొట్టించాను అన్నాను. విన్నాను అంది.

వెళ్ళేముందు దణ్ణం పెట్టాలని ఆఫీసాయన కళ్ళతోనే సైగ చేశాడు. అక్కకి చెల్లెలు దణ్ణం పెడితే ఏం, పెట్టాను. లేస్తుంటే నా భుజం మీద అంటుకున్న దారప్పోగు తీసి పారేసింది. మొదట్నుంచీ అది దానికి అలవాటే.

నవంబరు 13, గురువారం

బస్సులో. పక్క సీటు డబ్బు కట్టిన సీటే గనక ఎవర్నీ కూర్చోనివ్వక్కర్లేదని కండక్టరు అన్నాడు. పొద్దున బయల్దేరేముందు గేటమ్మ వచ్చి నేను కుట్టిన బట్టలు అందరూ మెచ్చుకుంటున్నారంది. మళ్ళీ ఎప్పుడొస్తారక్కా అంది. ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే.

ఆవరణ పక్కనుంచే నడిచి వచ్చాను. గుంట పూడ్చేసి నీళ్ళు చల్లారు. సన్నటావిడ ఊడుస్తోంది. ఆవిడ ముందుకు వెళ్ళి నిలబడి దణ్ణం పెట్టాను. ఈసారి తలెత్తి చూసింది. మొహం మా అక్కలా ఎక్కడా లేదు.

నవంబరు 17, సోమవారం

షాపు తెరిచాను. ప్యాంట్లు పేరుకుపోయి ఉన్నాయి. తాళాల ముసలాయన ట్రిప్పు ఎలా జరిగిందన్నాడు. గుడి చాలా పాతది, తప్పక చూడాలి అన్నాను. అక్కగారు దొరికారా అన్నాడు. దొరికింది అన్నాను. రాలేదేం అన్నాడు. రాదు అన్నాను. ఆయన రేడియో సౌండు తగ్గించి, టీ తెప్పించాడు.

సాయంత్రం ఇల్లు మరీ పెద్దదిగా అనిపించింది. ఇదేమీ కొత్త కాదు. తిరిగొచ్చేదాకా ఈసారి వేరేగా ఉంటుందనుకున్నాను.

నవంబరు 22, శనివారం

మధ్యాహ్నం షట్టరు సగం దించాను. మెషిన్ ఆపి, గోడవైపు తిరిగి కూర్చుని, ఈ వారమంతా ఎలా గడిచిందో అక్కకి చెప్పాను. బాగుందని అనలేదు. చాలాసేపు చెప్పాను.

వెనక్కి తిరిగి చూడలేదు.